జీరో టికెట్

మెట్టుగూడల టైలర్ దుకాణం మీది గది.
ఆదివారం ఆరున్నరకు చాపల మీద ఏడుగురం.
"ఏమీ చెయ్యకండి" అంటది సబీహా మేడం.
ఇరవై రెండేండ్ల కండక్టర్ నౌకరిల
నాకు ఎవ్వరూ చెప్పని మాట.

ఎల్లెలకల పండుకున్న.
ఒళ్ళు ఆగింది గానీ బస్సు ఆగలే.
హబ్సిగూడ సిగ్నల్ కాడ బ్రేక్ పడ్డట్టు
నడుము తనంతట తనే తూగింది,
లేని రాడ్డును వేళ్ళు పట్టుకున్నయి.

"కుడికాలు బొటనవేలి దాకా పొండి.
కదపొద్దు. ఊరికే పోయి చూడండి."

పోయిన.
ఆడ ఎవ్వరూ లేరు.
ఇన్నేండ్లు దాని మీదనే నిలబడ్డ,
నన్ను గుర్తువట్టనీకె దానికి జర సేపు పట్టింది.
తర్వాత
చాయ్ తాగినంక గ్లాసు అడుగున మిగిలే ఉడుకు లెక్క
ఏదో మెదిలింది.

మోకాళ్ళు మాట్లాడలే. అలిగినయి.
నేను గూడ బతిమాలలే.

భుజం కాడ సంచి పట్టీ కోసిన గాడి.
ఇంట్ల పండుకున్నా సరే
అది సంచి మోస్తనే ఉన్నదని ఇయ్యాల తెలిసింది.
"దించమని చెప్పకండి" అంటది మేడం,
"మోస్తున్నదని చూడండి, చాలు."
చూసిన.
కింద కుట్టు మిషను ఒక్కపారి ఉరికి ఆగింది.
పక్క చాప మీద లెక్కల సారు విఠలయ్య
సన్నగ గుర్రు పెడుతుండు. మేడం లేపలే.

ఇగ ఊపిరి.
వచ్చేది ముక్కు కాడ సల్లగ,
పోయేది జరంత ఎచ్చగ.
పక్కటెముకల నడుమ ఇంత జాగ ఉన్నదా!
చిల్లర లొల్లి అయినప్పుడల్లా,
ఫుట్‌బోర్డు మీద పోరగాళ్ళు యేలాడినప్పుడల్లా
బిగబట్టింది ఈడనే.

ఆడోళ్ళకు కొట్టే జీరో టికెట్ యాదికొచ్చింది.
పైసలు లెవ్వు.
అయినా కొట్టాలె, చేతిల పెట్టాలె,
ఎక్కినట్టు లెక్కల ఉండాలె.
నా లోపలికి ఎక్కి దిగిన ఊపిరికి
నేనింత వరకు ఒక్కటి కొట్టలే.

ఒకటి కొట్టిన.
ఇంకోటి.
పదిహేడు కాడ లెక్క తప్పింది,
నవ్వొచ్చింది, పొట్టల మొదలై.

మెట్లు దిగినంక చెప్పులేసుకుంటుంటే
కుడిది బిగుతని తెలిసింది.
ఎన్నేండ్ల సంది బిగుతో.