పందొమ్మిదిన్నర నిమిషాలు

పెరుంబాక్కం దాటాక తారు ఆగిపోయిన చోట
ఆటో దించేసి వెనక్కి తిరిగింది.
చేతిలో ఏడు పేజీల ఫారం,
భుజాన లెవెల్ యంత్రం,
బూట్లలో అప్పటికే నీళ్లు.

మొదటి గడి: స్థల స్వరూపం.
"చదునైన నేల" అని రాశాను.
నిజమే, నీళ్లకన్నా చదునైనదేముంది?
తుంగ పీకిన చోటల్లా
ఎక్కడివో కూల్చిన ఇళ్లు తెచ్చి పోశారు.
ఒక గచ్చుపెచ్చు మీద సగం ముగ్గు
ఇంకా చెరగలేదు.
బోరు గుచ్చితే మూడు మీటర్ల కింద
నల్లటి బంకమట్టి, అందులో నత్తగుల్లలు.
హద్దురాయి మీద వాలిన నీటికాకి
నన్ను చూసి లేవనైనా లేవలేదు.
రెట్ట వేసి మెడ తిప్పుకుంది.

తర్వాత సరిహద్దులు.
తూర్పున రాబోయే రోడ్డు, కాగితం మీద.
పడమర చెత్తగుట్ట పొగ.
దక్షిణాన ఎనిమిదంతస్తుల పాత కాలనీ,
ప్రతి కిటికీకీ ఒక తడి లుంగీ.
ఉత్తరాన నీళ్లు.
ఎంతవరకూ అంటే, వానని బట్టి.
"వానని బట్టి" అని రాయకూడదు గడిలో.
అంకె కావాలి.

బస్సు స్టాపుకి దూరం: తొమ్మిది వందల అరవై మీటర్లు.
మనిషి నిమిషానికి ఎనభై మీటర్లు నడుస్తాడని
మా ఆఫీసు లెక్క.
పన్నెండు నిమిషాలు. సంతృప్తికరం.
ఆ మాట ఫోన్లో మా సారుకి చెబుతుంటే
వెనక ఎవరో నవ్వారు.

"తెలుగా నువ్వు?
మా తాతది నెల్లూరు పక్క.
నేను పుట్టింది కూవం గట్టునే."
పెంచలమ్మ. చీర మీద కార్పొరేషన్ కోటు,
చంకలో ఖాళీ టిఫిన్ డబ్బా.
మైలాపూర్ వీధులు ఊడ్చి
రెండు బస్సులు మారి వస్తోంది.
"మమ్మల్ని గట్టు మీదనించి లారీలెక్కించినప్పుడు
నీ మాదిరే ఒకాయన వొచ్చి కొలిచినాడు.
ఆయన పగలు నడిచినాడు."

స్టాపుకి నీకెంత సేపు అని అడిగాను.
"రేపు తెల్లారుజామున నాలుగున్నరకి రా.
చెప్తే రాసుకోలేవు."

లాడ్జి నుంచి చీకట్లోనే వెళ్లాను.
గేటు దగ్గర ఐదుగురు ఆడవాళ్లు జమయ్యేదాకా
ఎవరూ కదల్లేదు. అది ఏడు నిమిషాలు.
దీపం లేని మలుపులో కుక్కలకి
కొంగున కట్టుకొచ్చిన బిస్కెట్లు. రెండు.
మూత లేని మ్యాన్‌హోల్ దగ్గర
ముందామె ఆగి, వెనకామె చెయ్యి పట్టి దాటించి,
ఆమె వెనకామెకి చెయ్యిచ్చి,
చివరికి ఆ చెయ్యి నాదాకా వచ్చింది.
అక్కణ్ణించి మోకాలి లోతు,
చెప్పులు చేతిలోకి, చీర నడుములోకి.
"సీక్రం, సీక్రం, ఆరింటికి మస్టరు."

ఇరవై ఏడు నిమిషాలు.
బస్సు దొరకని రోజు ఉంటుందా అన్నాను.
"దొరుకుతాది లేమ్మా.
ఎక్కేదానికే చోటు దొరకదు."
ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేసి అడిగింది:
"ఆ స్థలంలో ఎవరికి కడతారు?"
తెలీదన్నాను.
నాకు తెలుసు.

ఎనిమిదింటికి సారు ఫోను.
ఇరవై ఏడు మరీ ఎక్కువ, పన్నెండుకి ఆధారం ఉంది,
పోనీ సగటు తియ్యమన్నాడు.
తీశాను. పందొమ్మిదిన్నర.
గడిలో చక్కగా ఇమిడింది.

పందొమ్మిదిన్నర నిమిషాల్లో
ఈ నేల మీద నుంచి ఏ మనిషీ
ఏనాడూ ఆ బస్సు స్టాపు చేరలేదు.

లాడ్జిలో బూట్లు దులిపితే
అడుగు గాళ్లలోంచి ఒక నత్తగుల్ల రాలింది.
అది ఏ గడిలో రాయాలో తెలియక
ఫారం మడతలో పెట్టి
పంపేశాను.