పదహారు

ఏటుకూరు రోడ్డులో మా క్లినిక్కుకి
గోడలు కొత్తవి, ఘాటు పాతది.
గురువారం గురువారం మనసు ఓపీ.
తొమ్మిది ప్రశ్నలు, ఒక ట్యాబు,
సాయంత్రం ఐదుకల్లా అప్‌లోడు.

"గడిచిన రెండు వారాల్లో
ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు?"
నాగుల్‌మీరా గుమ్మంలోనే నిలబడి నవ్వాడు.
"టిక్కీలెన్ని మోశానో అడుగమ్మా, చెప్తా.
నిద్రకి కాటా ఎవరేశారు?"
కళ్ళు తుడుచుకుంటూ, మిరప ఘాటు, అన్నాడు.
నాలుగు అని కొట్టాను.

రెండో నెల, మూడు.
జిల్లా మీటింగులో మా గీత కిందికి జారుతుంటే
చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను.

మే నెల. యార్డుకి సెలవులు.
తుమ్ము లేదు, దగ్గు లేదు,
లారీల్లేని రోడ్డు ఎవరిదో అన్నట్టుంది.
తలస్నానం చేసి, ఉతికిన చొక్కాతో వచ్చాడు.
మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.
నేనింకా ఏమీ అడగనే లేదు, కళ్ళు నిండాయి.
నెపం వేద్దామంటే
ఆవేళ గాల్లో మిరప లేదు.

ఒక్కో జవాబూ బస్తా దించినట్టు దించాడు,
నడుం పట్టుకుని, ఆగి, మళ్ళీ.
తొమ్మిదో ప్రశ్న దగ్గర ఫ్యాను ఆపమన్నాడు,
నాకు వినపడాలని.
డాక్టరుగారికి కబురంపి
తలుపు దగ్గరగా వేశాను.

మొత్తం పదహారు.

ఐదూ పదికి ఫోను:
"సుభాషిణిగారూ, మీ సెంటరు ఎర్రగా చూపిస్తోంది.
ఏం పాడైంది?"
పాడవలేదు సార్, అన్నాను.
"అయితే కారణం రాయండి."

కారణం గడిలో ఇరవై అక్షరాలు పడతాయి.
కూర్చున్నాడు, అని రాశాను.
ఇంకా జాగా మిగిలింది.