మీడియా లేకుండా

సెనెగల్ నది సముద్రంలో కలిసే ఊరు సెన్ లూయీ.
చిన్న వంతెన దిగి జాలరిపేటలోకి తిరిగే మలుపులో
రంగు వెలిసిన గొడుగు కింద నా బల్ల.
స్క్రూడ్రైవర్ల డబ్బా, ఒక భూతద్దం,
రోజుకు రెండుసార్లు పోయే కరెంటు.

ఖార్ద్యాతా పాత ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది
తక్కెడలో చేపను పెట్టినట్టు.
తెర మీద అడ్డంగా పగులు,
ఛార్జింగ్ బెజ్జంలో ఉప్పు, రెండు పొలుసులు.
కొత్తది ఇంకా పెట్టెలోనే ఉంది, ఒళ్లో.

"ఇందులోవన్నీ అందులో పొయ్యి, మాపాతే.
ఒక్క చుక్క ఒలకకూడదు."

అలవాటుగా అడిగాను:
మీడియాతోనా, మీడియా లేకుండానా?
లేకుండా అయితే రెండు నిమిషాలు.
రాతలన్నీ వచ్చేస్తాయి, బొమ్మలూ గొంతులూ రావు.
చాలామంది అదే చాలంటారు.

"రాతలా?" అంది. "నాకెవరు రాస్తారు?
నేనెవరికి రాశాను?"

తెరిచి చూశాను.
నిజమే. ఏడేళ్ల మాటల్లో ఒక్క అక్షరం లేదు.
అక్కడక్కడా బొటనవేళ్లు, ఏడుపు మొహాలు.
మిగతాదంతా గొంతే.
ఐసు రేటు అడిగే గొంతు,
యాబోయ్ చేపల పెట్టె ఎంతకు తెగిందో చెప్పే గొంతు,
తెల్లవారుజామున పడవ మీంచి సగం గాలి, సగం మనిషి,
మేనకోడలి పిల్లాడు అంకెలు ఒప్పజెప్పడం,
పద్నాలుగు దాకా వచ్చి మళ్లీ పదకొండుకు పోవడం.
ఇదంతా మీడియా అట.
ఇది తీసేస్తే మిగిలేవి
తేదీలు, వేళలు.
గుల్లలు.

రెండు ఫోన్లనూ ఎదురెదురుగా పట్టుకుని
ఒకదాని నలుపుతెలుపు గళ్లను రెండోదానికి చూపించాను.
పద్దెనిమిది గిగాబైట్లు.
ఎంతసేపంటే, టీ మూడు గ్లాసులంత అన్నాను.
మొదటి గ్లాసు చేదుగా, రావాల్సినట్టే వచ్చింది.
అరవై మూడు శాతం దగ్గర ఆగిపోయింది.
రెండో గ్లాసు చల్లారింది, అంకె కదల్లేదు.
పడవ రాని రోజు సముద్రాన్ని చూసినట్టు చూస్తుందనుకున్నాను.
కాదు, బాకీ ఎగ్గొట్టేవాణ్ణి చూసినట్టు చూసింది.
అంకె కదిలింది.

అయ్యాక ఒకటి వినిపించడం నా పద్ధతి,
గొంతు దిగిందో లేదో తేల్చుకోవాలి కదా.
అరామె అన్న పేరు కింద, చిట్టచివర,
మైకు గుర్తు ఇంకా పచ్చగా ఉన్నదాని మీద
వేలు పెట్టబోయాను.
నా మణికట్టు పట్టుకుంది.
చేపలు కోసే చేతి పట్టు.
"అది కాదు."

నలభై ఒక్క సెకన్లు. మూడేళ్ల నాటిది.
నువాదిబూ నుంచి ఆమె పాత వ్యాపార భాగస్వామి
లెక్కల్లో తేడా వచ్చిన రాత్రి పంపింది.
తప్పు ఎవరిదో నేనడగలేదు. ఆమే చెప్పింది
రెండుసార్లు, రెండు రకాలుగా.

"విన్నాననుకో. తిట్టి ఉంటే
నేనూ తిట్టాలి, లేకపోతే పరువు పోతుంది.
క్షమించమని ఉంటే
క్షమించాలి, అది ఇంకా ఖరీదు.
విననంతకాలం
ఇద్దరం ఇంకా మాట మధ్యలోనే ఉన్నట్టు."

కొత్త ఫోన్లో ఆమె చూసుకుంది అదొక్కటే.
ఉందా, ఉంది. పచ్చగానే ఉందా, పచ్చగానే.
మిగతా ఏడేళ్లనూ లెక్కపెట్టకుండా సంచిలో వేసుకుంది.
కూలికి ఆరు చేపలు. కొసరు ఒకటి.

పాతది నాకే వదిలేసింది, విడిభాగాలకి.
"తుడిచెయ్యి, బల్ల కడిగినట్టు."
కడుగుతాను. అది నా పని.

అన్నీ చెరిగిపోతాయి, సరేనా? అని అడుగుతోంది తెర.
ఆ ప్రశ్న వెనక ఇంకా ఉన్నాయి నలభై ఒక్క సెకన్లు,
ఒక ఆడమనిషి ఊపిరి లోపలికి తీసుకుని
మొదలుపెట్టబోయే చోటు.
ఇక్కడ వింటే అక్కడ రంగు మారదు.
పక్క బల్లవాడు పట్టా దించుతున్నాడు, నావైపు చూడట్లేదు.

సరే మీద వేలు పెట్టాను.
తీసుకోలేదు. చేపల తడి.
లాగుకు తుడుచుకుంటున్నాను వేలు,
కావలసినదానికంటే
కాస్త ఎక్కువసేపు.