మట్టం రిజిస్టరు

నెలకోసారి కూడేరు బడి వెనక
ఇనుప మూత తాళం తీసి
పిజోమీటరు గొట్టంలోకి టేపు వదుల్తాను.
కొసన నీళ్లు తగిలితే బజరు కీచుమంటుంది.
ముప్పై ఒక మీటర్ల ఇరవై. రాసుకుంటాను.
పక్క చేలో చీనీచెట్లు నిగనిగలాడుతుంటాయి.
"పచ్చగానే ఉండాయి గదా మేడమ్, యాల కొలిచేది?"
అంటాడు తాళంచెవి దాచే బుడ్డప్ప.
చెట్టుకు ఆఖర్న తెలుస్తుందప్పా,
గొట్టానికి ముందే తెలుస్తుంది, అంటాను.

ఇదే మాట నాకు కర్నూల్లో చెప్పారు.

మొదట టీబీ అన్నారు. ఆ మాత్రలు మింగి
తొమ్మిది నెలలు ఎర్రగా ఒంటికి పోశాను.
తర్వాత పేరు మార్చారు, క్రోన్స్ అని.
మా అత్త "కోనసు" అంటుంది,
ఎప్పుడో తెగిపోయిన చుట్టరికం గుర్తుచేసుకున్నట్టు.

డాక్టర్ తహసీన్ అడిగింది,
రోజుకెన్నిసార్లు, నొప్పి పదిలో ఎంత.
రెండుసార్లు. నొప్పి లేదు. బాగుండాను.
అబద్ధం కాదు. ముందు వారమే
గార్లదిన్నె పెళ్లిలో మూడు ఓళిగలు తిన్నాను.
రక్తం కూడా నా పక్షానే సాక్ష్యం చెప్పింది,
సీఆర్పీ నాలుగు.
అయినా ఆమె ఒక డబ్బా చేతిలో పెట్టింది,
మూతకే అతికించిన చిన్న చెంచా.

దాన్ని ఐసుముక్కల మధ్య
టిఫిన్ క్యారియర్ కింది గిన్నెలో పెట్టి
గుత్తి, డోన్ మీదుగా బస్సులో తీసుకుపోయాను.
"ఏం కూర చేసినావమ్మా?" అంది పక్కసీటు పెద్దమ్మ.
చెప్పలేను పెద్దమ్మా, అన్నాను.
ఇద్దరం నవ్వాం, ఎవరి కారణానికి వాళ్లం.

ఎనిమిది రోజులకు జవాబు.
కాల్‌ప్రొటెక్టిన్ వెయ్యిన్నీ నూట ఇరవై.
ల్యాబు ఓబులేసు కాగితాన్ని
నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు,
తప్పిన పిల్ల చేతికి మార్కులిచ్చినట్టు.

లాడ్జిలో ఆ రాత్రి నాలుగు లీటర్ల మందునీళ్లు,
మా వైపు బోరునీళ్ల కంటే ఉప్పు.
పన్నెండో గ్లాసు దగ్గర మద్దిలేటి
"నీ తరఫున నేనొకటి తాగుతా" అన్నాడు. తాగాడు.
తెల్లార్లూ ఒకే బాత్రూం తలుపు ముందు
మొగుడూ పెళ్లాం వరుస కట్టాం.

మత్తు తక్కువే ఇమ్మన్నాను. చూడాలని.
తెరమీద తడి గులాబి దారి.
అడుగున సున్నా. ఎడమవైపు సున్నా. అడ్డపేగు సున్నా.
ఆమె చెబుతుంటే నర్సు రాస్తోంది,
మండలాలవారీ వానలెక్క చదివినట్టుంది.
కుడివైపు నువ్వుగింజంత పుండ్లు, మూడు వేసుకో.
చిన్నపేగు కొసన గొంతు తగ్గింది.
అక్కడ ఎండిన వంక.
గులకరాళ్లు, వాటి నడుమ
తెల్లటి పొడుగాటి గండ్లు.
పుండు సైజు మూడు. పుండుపడ్డ జాగా రెండు.
చెడిన మేర రెండు. ఇరుకు ఒకటి, స్కోపు దూరింది.
మొత్తం పదకొండు.

కోపమొచ్చింది, పేగుమీద కాదు.
ఇంతకాలం లోపల ఇంత నడుస్తుంటే
బాగుండానని అందరికీ చెప్పుకు తిరిగిన నోటిమీద.

సూదులు మొదలయ్యాక ఆరు నెలలకు
నూట ఎనభై. వంక మీద కొత్త చర్మం.
అంతా చక్కగా ఉందని ఆమె అంటుంటే
నాకు మోకాళ్లు లాగుతున్నాయి,
పొద్దున లేవాలంటే మంచమే నన్ను పట్టుకుంటోంది.
చెప్పాలా వద్దా అనుకుని చెప్పాను.
ఫారంలో దానికి గడి లేదు.
మార్జిన్లో చిన్న అక్షరాలతో రాసుకుంది.
నా రిజిస్టర్లోనూ అంతే,
పనికొచ్చే సంగతులన్నీ రిమార్కుల్లోనే ఇరుక్కుంటాయి.

నిన్న కూడేరులో మూత తీస్తుంటే
బుడ్డప్ప గొంతు తగ్గించి అడిగాడు,
"తమరి మట్టం ఎంతకొచ్చె మేడమ్?"
నూట ఎనభై, అన్నాను.
"మీటర్లా!" అని అదిరిపడ్డాడు.
కాదప్పా, అని ఏదో చెప్పబోయాను.
అప్పటికే టేపు దిగుతోంది.
బజరు కోసం ఇద్దరం
గొట్టం మీదికి వంగి చెవులు పెట్టాం.