కుడి చెవి

ఆడియాలజీ గది తలుపు మూస్తే
శ్రీకాకుళం బయటే ఆగిపోతుంది,
ఏడురోడ్ల కూడలి హారన్లతో సహా.
"గీతలు లేవేటి బావూ" అంది ఫోన్ చూసుకుని
బుడగట్లపాలెం సూరాడ నీలమ్మ.

కుడి వైపు మోత పెట్టాను.
వినపడితే చెయ్యెత్తమన్నాను.
నలభై. యాభై. అరవై డెసిబెల్స్.
చెయ్యి ఒళ్లోంచి లేవలేదు,
గోరు పక్కన చేపపొలుసు ఒకటి మెరుస్తోంది.

"ఆ సెవులో ఎప్పుడూ కెరటవే బావూ.
మా గుంటల నాయిన వెరావల్ బోటెక్కి ఎనిమిది నెల్లు.
ఒడ్డుకొచ్చిన రాత్రల్లా ఇందులోనే మాటాడతాడు,
ఫోను ఏడెక్కీదాకా.
అందుకే నోపల గెడ్డ లేసిందంతన్నారు మావోళ్లు.
నిజవేనా?"

పదకొండేళ్లుగా ఇదే కుర్చీ నాది.
లెక్కలు తీసినవాళ్లకి సంబంధం కనబడలేదన్నాను,
అలాగని పూర్తిగా కొట్టెయ్యనూ లేదన్నాను.
"అయితే నీకూ తెల్దన్నమాట" అంది,
కోపంగా కాదు,
బేరం కుదరని చేపని బుట్టలో తిరిగి వేసుకున్నట్టు.

గడ్డ ఉందో లేదో స్కానింగ్‌లో తేలాలి.
అందాకా స్పీకర్లో మాట్లాడమన్నాను.
నవ్వింది.
ఒక్కటే గది. అత్త, మరిది, ఇద్దరు పిల్లలు.

పోనీ ఎడం చెవి?
దాన్ని కాసేపు వేళ్లతో తడుముకుంది,
ఎవరిదో అన్నట్టు.
"దీనికి ఆడి గొంతు అలవాటు లేదు బావూ.
నేర్పాల."

తలుపు తీశాను. హారన్లన్నీ ఒకేసారి లోపలికొచ్చాయి,
ఆమె ఫోన్లో నాలుగు గీతలూ.

చొక్కా జేబులో నాది వణికింది.
తీశాను గానీ
ఏ వైపు పెట్టుకోవాలో తోచక
ఆగిపోయేదాకా అరచేతిలోనే ఉంచుకున్నాను.