రెండు కిలోల వంద

మెంజ్ కొండ మీద మంచు ఇంకా విడలేదు.
తడి ఆరని గొర్రెపిల్లని గోనెపట్టాలో చుట్టి
స్ప్రింగు కాటాకి తగిలించాను.
రెండు కిలోల వంద గ్రాములు.
తండ్రి: నలభై ఏడో నంబరు పొట్టేలు.
తల్లి: చెవి చిరిగిన నల్లది.

తొంభయ్యో రోజున మళ్ళీ తూస్తాను.
పెరిగిన బరువులో
నెత్తురు వాటా ఎంతో, పాల వాటా ఎంతో
పట్నంలో ఎవరో విడదీస్తారు.

అస్కాలె బూడిద చేతులు దులుపుకుని అడిగింది:
"చూడితో ఉన్నప్పుడు దానికి
మా పిల్లల బార్లీ గంజి పోశాను.
అది ఏ గడిలో రాస్తావు?"

నా పుస్తకంలో పదకొండు గడులు.
చలికి పెన్ను కూడా సాగలేదు.

ఈలోగా పిల్ల
వంకర కాళ్ళ మీద లేచి,
పొదుగనుకుందేమో,
నా మోకాలిని కుమ్మింది.
మళ్ళీ కుమ్మింది.