తడి లెక్క

పెట్టె ఫ్లిన్ ఫ్లాన్ నుంచి బస్సులో వచ్చింది.
పార్సెల్ కౌంటరు కుర్రాడు చేపల బుట్ట తోసినట్టు తోసి
సంతకం పెట్టమన్నాడు.
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
ప్రిన్స్ ఆల్బర్ట్‌లో నది గడ్డకట్టి మూడో వారం.

వంటింటి బల్ల మీద పెట్టి గొళ్ళెం మీద చెయ్యి వేశాను.
"తియ్యకు ఓల్హా" అంది టెక్లా, గుమ్మంలో బూట్లు విప్పుతూనే.
"రేపు పొద్దున. అంతదాకా అది ఇంకా బస్సులోనే ఉందనుకో.
వెచ్చటి గాలి ఒక్కసారి మీద పడిందంటే
వార్నిషంతా సాలెగూడులా చిట్లుతుంది."
నలభై ఏళ్ళు వాద్యాలు బాగుచేసిన మనిషి,
వేళ్ళకి ఇప్పటికీ జిగురు వాసన.
ఎదురు చెప్పలేదు.
చెప్పాలని మాత్రం ఉంది.

కుర్చీ లాక్కుని పెట్టె పక్కనే కూచున్నాను.
గొళ్ళాల మీద మంచు పూసింది,
తర్వాత చెమటైంది, తర్వాత ఏమీ లేదు.
పన్నెండింటికి కూడా పెట్టె చల్లగానే ఉంది.
జెనోన్ చెయ్యి కూడా అలాగే...
ఆ మాట వద్దు.

నేను స్కూలు బస్సు నడుపుతాను.
తమ్ముడిది గనిలో పని, శనివారాలు గిటారు.
మా మధ్య ఫోను మాటలు తక్కువ.
పోయిన చలికాలం ఒకసారి అడిగాడు,
"మీ ఇంట్లో తేమ ఎంతుంటుందక్కా?"
ఇదేం ప్రశ్నరా అన్నాను.
మోకాలి నొప్పి సంగతి అడుగుతాడనుకుంటే
తేమ.

రాత్రంతా ఫర్నెస్ ఊదుతూనే ఉంది.
ఆ ఎండుగాలికి పెదవి పగిలి ఉప్పగా తగిలింది,
మడమలు నెర్రెలు తీశాయి,
దుప్పటి లాగితే నిప్పురవ్వలు.
మనిషే ఇలా బీటలు వారుతుంటే
అంగుళంలో పదోవంతు మందమైనా లేని చెక్క
ఎలా బతుకుతోంది ఈ ఊళ్ళో?

తెల్లారాక టెక్లా వచ్చి తలూపింది. తీశాను.

స్ప్రూస్ చెక్క తేనెరంగుకి తిరిగింది.
బ్రిడ్జి కింద నుంచి అంచుదాకా
తలవెంట్రుకంత చీలిక.
మెడ పక్కన మెట్ల కొనలు ముళ్ళలా బొటనవేలు గీరాయి.
"ఇనుము పెరగలేదు, చెక్క కుంచించుకుపోయింది" అంది టెక్లా.
చిల్లులు పొడిచిన సబ్బుపెట్టె,
అందులో స్పాంజి, ఎండి రాయైంది.
దాని కింద మడతపెట్టిన కాగితం.

ఉత్తరం అనుకున్నాను.
అంకెలు.
సెప్టెంబరు 3: 52.
అక్టోబరు 8: 46. స్పాంజి తడిపాను.
అక్టోబరు 20: 43. బయటి గోడ నుంచి లోపలి గదికి మార్చాను.
నవంబరు 2: 45.
నవంబరు 9: 41. తడపాలి.

వాణ్ణి ఆసుపత్రిలో చేర్చింది పదో తారీకున.

"జిగురు పెడతావా?" అన్నాను.
"ఇప్పుడే వద్దు. దాహంతో ఉన్నదాన్ని అతికించకూడదు.
ముందు తాగనీ. రెండు వారాలో, మూడో.
అంచులు వాటంతటవే దగ్గరికొస్తాయి,
రాకపోతే అప్పుడు చూద్దాం."
తీగెలు కాస్త వదులు చేసి ఇల్లంతా తిరిగింది:
వెంటు దగ్గర వద్దంది, కిటికీ కింద వద్దంది,
బయటి గోడని అరచేత్తో తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది,
నేలమాళిగలోకి దిగను కూడా దిగలేదు.
చివరికి మెట్ల పక్క అల్మరాలో
నా కోట్లన్నీ తీయించి పెట్టెని నిలబెట్టింది.

స్పాంజిని కుళాయి కింద పట్టాను.
పిండు, ఇంకా పిండు, అంది.
చుక్క కూడా చెక్క మీద పడకూడదట.
రాయి నా గుప్పిట్లో మెత్తబడడం తెలిసింది.

వాడి మీటరు ఎవరు తీసుకున్నారో.
పదిహేను డాలర్లు పెట్టి ఇంకోటి కొన్నాను.
పిల్లల్ని దింపి వచ్చి బూట్లు విప్పకుండానే చూస్తాను.
జనవరి 14: 29. జనవరి 18: 34.
వాడి అంకెల కిందే రాస్తున్నాను,
కాగితంలో ఇంకా చోటుంది.
నిన్న ముప్పై తొమ్మిది అని ఫోను చేసి చెబితే
"చీలిక ఎలా ఉంది?" అంది టెక్లా.
గోరు పెట్టి చూశాను.
ఇంకా తగులుతోంది,
మొన్నటంత కాదు.

నాకు ఒక్క తీగె మీటడం రాదు.
పెట్టె మూసే ముందు మాత్రం
తేమ ఎంతో పైకి చదువుతాను.
ఇవాళ నలభై ఒకటి.
తడపాలి.